అమ్మ చెయ్యి చాచిన రోజు

సాయంకాలాలు పుదుచ్చేరి వైట్ టౌన్‌లో సముద్రం పక్కన నడవడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. నాలాగే ఉద్యోగాల నుంచి దిగిపోయినవాళ్ళు కొందరు అక్కడ కలుస్తారు. ఎక్కువమంది యానాం నుంచో ఆంధ్రా నుంచో కొలువుల మీద వచ్చి ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు. కాసేపు నడిచి, గట్టు మీద కూర్చుని, మోకాళ్ళ నొప్పుల నుంచి రాజకీయాల దాకా మాట్లాడుకుంటాం. మొన్న ఒకరోజు మాట ప్రభుత్వాలు పేదవాళ్ళకు నేరుగా ఇచ్చే డబ్బు మీదికి మళ్ళింది. అప్పారావుగారు పెద్ద హోదాలో పనిచేసిన మనిషి. మంచివారు, ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ముందుగా వెళ్ళి పలకరించేది ఆయనే. "ఊరికే చేతిలో డబ్బు పెడితే ఇంకెవడు పని చేస్తాడండీ? జనాన్ని సోమరిపోతుల్ని చేసేస్తున్నారు. చెయ్యి చాచడం అలవాటైపోయింది అందరికీ" అన్నారాయన. మిగతావాళ్ళు తలలూపారు. "మా అమ్మ తీసుకుందండీ ఆ డబ్బు" అన్నాను నేను. అప్పారావుగారు నొచ్చుకుని, "అయ్యో, మీ అమ్మగారి సంగతి వేరు లెండి, ఆ రోజులు వేరు" అన్నారు. ఆయన మర్యాదకు అన్నారని నాకు తెలుసు. కానీ మా అమ్మ సంగతి వేరేమీ కాదు. ఇంటికొచ్చి దీపం పెట్టి ఈ పేజీలు మొదలుపెట్టింది ఆ మాట చెప్పడానికే.

మా ఊరు పుదుచ్చేరి నుంచి సేదరపేట్ పోయే దారిలో, రోడ్డు దిగి సరుగుడు తోపుల మధ్య కాస్త దూరం నడిస్తే వచ్చేది. మావాళ్ళు తెలుగు నేల వదిలి ఎప్పుడు ఇటు వచ్చారో మా తాతకే తెలియదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది తమిళం. యాడ, ఏంది అంటూ, చేతిని కై అని, డబ్బును పణం అని, సగం తమిళం కలిపి మేం మాట్లాడే తెలుగు వింటే కొత్తగా వచ్చిన యానాంవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. తెలుగు అక్షరాలు నాకు పెళ్ళయ్యాక మా ఆయన నేర్పితే వచ్చినవి. మా అమ్మ అలమేలుకు ఏ అక్షరాలూ రావు. నాయన పోయేదాకా ఆమెకు వాటి అవసరం ఉందని ఎవరూ అనుకోలేదు, ఆమెతో సహా.

నేను టౌన్లో అవ్వ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. అవ్వ అంటే అమ్మను కన్న తల్లి. పెద్ద కాలవకు ఇవతలి వైపు, ఒక పెంకుటింట్లో ముందు భాగం ఆమె అద్దెకు తీసుకుని ఉండేది. ఆ ఇల్లు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది రంపపు పొట్టు పొయ్యి. రేకు డబ్బా మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా కూరి, రోకలిని మెల్లగా తిప్పుతూ పైకి లాగేది అవ్వ. ఆ పని నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. కింది నుంచి అంటిస్తే అది మధ్యాహ్నం దాకా సన్నగా కాలుతూ ఉండేది. ఆ పొగలో కొయ్య వాసన, దానిమీద బెల్లం కాఫీ వాసన, వీధి చివర రొట్టెల బట్టీలోంచి వచ్చే పుల్లటి పిండి వాసన, అన్నీ కలిసి తెల్లవారేది. అవ్వ ఆ రొట్టె జన్మలో నోట పెట్టలేదు గాని, గాలి అటునుంచి వీచిన రోజు మాత్రం కాస్త ఎక్కువసేపు గడపలో నిలబడేది. మళ్ళీ ఎవరైనా పనిమీద బయలుదేరే అడుగుల చప్పుడు వింటే చప్పున లోపలికి తప్పుకునేది. అవ్వ చిన్న వయసులోనే ముండమోసింది. పొద్దున్నే తన ముఖం చూస్తే వెళ్ళేవాళ్ళ పని చెడుతుందని ఆమె గట్టిగా నమ్మింది. ఎవరూ ఆమెను పొమ్మని అనక్కర్లేదు, తనే పోయేది. ముక్కుపొడి డబ్బా పట్టుకుని తలుపు వెనక నిలబడిన అవ్వ రూపం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఆ కోపం అవ్వ మీద కాదు.

నాయన శనక్కాయలు పెరికే రోజుల్లో జ్వరం తెచ్చుకున్నాడు. ఎండ జ్వరమని ముందు పట్టించుకోలేదు. చివరికి ఎద్దులబండిలో రోడ్డు దాకా తెచ్చి, అక్కడినుంచి గోరిమేడు పెద్దాసుపత్రికి చేర్చారు. అప్పటికి చేయాల్సిన ఆలస్యమంతా మేమే చేసేశాం. నాయన పోయాక అమ్మ పచ్చగా ఉన్న చేను వైపు కూడా వెళ్ళకూడదన్నారు. నాయనకు ఒక్కడే అన్న, గోవిందస్వామి. మేం పెద్దనాయన అనేవాళ్ళం. కర్మలు అయిన మరునాడే ఆయన ఇంటి ముందు తిన్నె, అంటే అరుగు మీద కూర్చుని అందరూ వినేట్టు చెప్పాడు. భూమి ఇంకా పంచుకోలేదు, అంతా ఉమ్మడిదే, తమ్ముడి భాగం అంటూ వేరే ఏమీ లేదు, ఆడదానికి సేద్యం బాధ ఎందుకు, తిండికి తాను చూసుకుంటానని. వినడానికి అది దయలాగే ఉంది. నాయన కష్టపడి తవ్వించుకున్న బావి కాడి వరి కయ్య, మిట్ట మీది శనక్కాయల చేను అలా ఒక్క మాటతో మా చేతిలోంచి పోయాయి.

అప్పటినుంచి మాది అడుక్కునే బతుకైంది. అప్పారావుగారు చెయ్యి చాచడం అన్నారే, దాన్ని నేను ఆ రోజుల్లోనే చూశాను, అది సర్కారు ముందు కాదు. ఒకే ఇంట్లో వెనక వైపు ఒక గది మాకిచ్చారు. బియ్యం కావాలంటే అమ్మ వెనక వాకిట్లో నిలబడి పెద్దమ్మను పిలవాలి. పెద్దమ్మ కన్నమ్మ, పెద్దనాయనను అడిగి వచ్చి, పడితో కొలిచి పోసేది. నూకలు ఎక్కువ కలిసిన బియ్యం. నూనె అడగాలి, సబ్బు అడగాలి, కిరసనాయిలు అడగాలి. పెద్దమ్మ చెడ్డది కాదు, కానీ ఆమె చేతిలో ఆమెదంటూ ఏమీ లేదు. ఒకసారి నేను సెలవులకు వెళ్ళినప్పుడు బడి పుస్తకాలకు డబ్బులు కావాలని పెద్దనాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన తమలపాకు తీసి, తుడిచి, ఈనె చీల్చి, సున్నం రాసి, నోట్లో పెట్టుకుని, నములుతూ వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు. నేను నిలబడే ఉన్నాను. ఉమ్మి వచ్చి, "మళ్ళీ వారం చూద్దాంలే" అన్నాడు. ఆ రోజు పుస్తకాలు రాలేదన్న బాధ కన్నా, అలా నిలబెట్టడం ఆయనకు ఎంత హాయిగా ఉందో చూడటం నాకు ఎక్కువ మండింది. తలుపు సందులోంచి అమ్మ కూడా అది చూసింది. రాత్రి అన్నం మామూలుగానే పెట్టింది.

భర్త పోయి దిక్కులేని ఆడవాళ్ళకు సర్కారు నెలనెలా కొంత డబ్బు పంపుతోందని అమ్మకు చెప్పింది టౌన్లో అవ్వ పక్క భాగంలో ఉండే ఒక నర్సు. అమ్మ అవ్వను చూసే నెపంతో చీకటి ఉండగానే వెనక దారిన టౌన్‌కు వచ్చి, ఆ నర్సు వెంట వెళ్ళి, వేలిముద్ర వేసి వచ్చింది. అవ్వకు అది నచ్చలేదు. "ఇంటి మొగోళ్ళు ఉండంగా సర్కారోళ్ళ కాడికి యాడికి పోతావే? నలుగురూ ఏమంటారు?" అని ఆమె గొణిగింది. పెద్దనాయనకు తెలిసినప్పుడు మాత్రం ఆయన ఏమీ అనలేదు. ఎందుకనలేదో మొదటి మనియార్డరు వచ్చిన రోజు అర్థమైంది. పోస్టుమాన్ మాణిక్యం సైకిలు దిగి పేరు చదివితే, పెద్దనాయన తిన్నె మీంచే, "లోపలుండాది, వేలిముద్ర వేయించుకో" అన్నాడు. అమ్మ తలుపు చాటునుంచి చెయ్యి బయటకు పెట్టి ముద్ర వేసింది. డబ్బు తిన్నె మీద ఉన్న చేతిలోకి పోయింది. ఇంటి ఖర్చుకని అన్నాడు. నూకలు మాత్రం నూకలుగానే ఉన్నాయి. ఆ ఏడు కొన్ని నెలలు అలాగే జరిగింది. ముద్ర అమ్మది, డబ్బు ఆయనది.

దసరా సెలవుల్లో నేను ఊళ్ళో ఉన్నప్పుడు మాణిక్యం మళ్ళీ వచ్చాడు. పొద్దెక్కింది. పెద్దనాయన తిన్నె మీద ఉన్నాడు, పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు ఊరివాళ్ళు ఉన్నారు. మాణిక్యం పేరు చదవగానే అమ్మ తలుపు దాటి బయటికి వచ్చింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మెట్లు దిగి, వీధిలో సైకిలు పక్కన వెళ్ళి నిలబడింది. నాయన పోయాక ఆమె పగటిపూట ముందు వాకిలి దాటగా నేను చూడటం అదే మొదలు.

"అన్నా, పేరు ఎవురిది?" అని అడిగింది.

మాణిక్యం తమిళుడే గాని మా ఇళ్ళలో తెలుగే మాట్లాడేవాడు. "నీదేమ్మా. అలమేలు అని ఉండాది."

"అట్లయితే నా కైలోనే పెట్టు" అని చెయ్యి చాచింది.

పెద్దనాయన లేచి నిలబడ్డాడు. "ఏంది అలమేలూ ఇది? ఇంటి ఆడది వీధిలోకొచ్చి నిలబడేది యాడైనా ఉండాదా? లోపలికి పో."

"పణం వీధిలోకే వస్తా ఉండాది గదా బావా. దాని కోసరం నేనూ వచ్చినా."

"ఇంట్లో పెద్దోణ్ణి నేనుండగా నీ కైలో ఏందికి? ఏం చేస్తావు దాంతో?"

"అది తెల్లేదు. ముందు కైలో పడితే గదా తెలిసేది."

తిన్నె మీద ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మాణిక్యం ఒకసారి పెద్దనాయనను చూశాడు, ఒకసారి అమ్మ చేతిని చూశాడు. ఆ ఊళ్ళో రోజూ మంచినీళ్ళకు ఆయన ఆగేది పెద్దనాయన తిన్నె మీదే. అయినా నోట్లు అమ్మ అరచేతిలో పెట్టి, "పేరు ఎవురిదో వాళ్ళకే ఇయ్యాల, అదే మా రూలు" అని, నీళ్ళు అడగకుండానే సైకిలెక్కాడు. అమ్మ ఆ డబ్బు ముడుచుకుని మెట్లెక్కి లోపలికి వచ్చింది. గదిలోకి వచ్చాక నేల మీద కూర్చుండిపోయింది. నేను ఏడుస్తుంటే, "ఏందికే ఏడుస్తావు? లే, ఆ కడవ ఇట్లియ్యి" అని కసిరింది.

ఆ రోజు సాయంత్రమే వెనక వాకిట్లో పడితో బియ్యం కొలవడం ఆగిపోయింది. పెద్దనాయన ఆపేశాడు. సర్కారు దగ్గర తీసుకునేది సర్కారు బియ్యమే తింటుంది అన్నాడు. అమ్మ అలాగే తిన్నది. రేషన్ బియ్యం తెచ్చుకుంది, గదికి వేరే తాళం కొనుక్కుంది. ఆ తర్వాత జరిగింది నేను అప్పట్లో గమనించలేదు, పెద్దయ్యాక ఒక్కొక్కటిగా అర్థం చేసుకున్నాను. ఆ డబ్బు కొంచెమే. దాంతో ఎవరూ మేడలు కట్టలేరు, కాళ్ళు చాపుకుని కూర్చోనూ లేరు. కానీ అది ప్రతి నెలా వస్తుందని ఊరందరికీ తెలుసు. పెద్దనాయనకు భయపడి మాకు అరువు ఇవ్వని అంగడివాడు ఇప్పుడు, "నెల తిరిగితే వస్తుంది గదమ్మా, తీసుకుపో" అనసాగాడు. ఇంటి మగవాడు పిలిస్తే తప్ప రాని దున్నేవాడు, చేతిలో డబ్బు పెడతానంటే అమ్మ మాటకే ఎద్దులు తోలుకొచ్చాడు. ఒకరి దయ మీద బతికే మనిషికి ఊళ్ళో ఎవరూ మాటివ్వరు. నెలనెలా సొంత డబ్బు వచ్చే మనిషితో మాత్రం బేరమాడతారు. ఆ తేడా ఎంత పెద్దదో జీతాలు తీసుకుని బతికిన మాలాంటివాళ్ళకు తెలియదు.

అమ్మ మిట్ట మీది చేను దున్నించింది. పెద్దనాయన అడ్డుపడలేదు. "దున్నుకోనీ. కోతకు కూలోళ్ళు కావాలంటే నా కాడికే రావాల" అని తిన్నె మీద అన్నాడట. భర్తలేని ఆడది తొలి విత్తనం వేయకూడదని మా ఊరి నమ్మకం. ఊరి ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి చూస్తుండగా, అమ్మ చెరగులో విత్తనం పోసుకుని చాలులోకి దిగింది. గట్టు మీంచి ఎవరో, "ఎవురైనా ముత్తైదువ కైతో తొలి గింజ వేయించు అలమేలూ, మంచిది గాదు" అని కేకేశారు. "విత్తనాలకి పణం ఎవురిస్తారో వాళ్ళని వేయమను, వేయిస్తా" అని అమ్మ వంగిన నడుము ఎత్తకుండానే బదులు చెప్పింది. ఆ ఏడు వానలు మామూలుగానే పడ్డాయి. శనక్కాయలు కూడా మామూలుగానే కాశాయి. అద్భుతమేమీ జరగలేదు. అద్భుతం జరగకపోవడమే ఊరికి మింగుడు పడలేదు. ముండమోసినదాని చేతి విత్తనం మొలిచి కాయ పట్టిందంటే, ఇన్నాళ్ళూ చెప్పుకున్నదాంట్లో పస లేదని తేలిపోయింది. అమ్మ రోజు కూలి చేతిలో పెట్టి ఆ కాయలు పెరికించి, వాకిట్లో ఆరబోసింది. పచ్చి శనక్కాయల మట్టి వాసన, ఆకు కుళ్ళే తీపి వాసన ఇల్లంతా పట్టింది. నేను సెలవుకు వచ్చి ఆ రాశుల మీదే పడుకుని చదువుకునేదాన్ని.

కాయలు ఆరకముందే పెద్దనాయన టౌన్‌కు వెళ్ళి, ఆ సాయం ఇచ్చే ఆఫీసులో చెప్పి వచ్చాడు. ఈమెకు సొంత భూమి ఉంది, సేద్యం చేసి పంట తీస్తోంది, దిక్కులేనిది కాదు, డబ్బు ఆపేయండి అని. డబ్బు ఆగితే అమ్మ మళ్ళీ వెనక వాకిట్లో నిలబడుతుందని ఆయన లెక్క. కొద్దిరోజులకు ఒక ఆఫీసరు విచారణకు వచ్చాడు. సన్నగా, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడిలా ఉన్నాడు. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చాడు, చొక్కా అంతా తడిసి ఉంది. యానాం మనిషి. తెలుగు ఇళ్ళు అని తెలిసి ముఖం విప్పారింది గాని, మా తెలుగు విని కాస్త తికమక పడ్డాడు. తిన్నె మీద కుర్చీ వేశారు. ఊరు కాస్తా పోగైంది. అమ్మను పిలిపించారు. ఆమె కాయలు తిరగేస్తున్న చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, తిన్నె కింద నిలబడింది.

"ఏమ్మా, మీకు సొంత భూమి ఉందంట కదండీ? వ్యవసాయం చేసుకుంటున్నారని మాకు తెలిసింది. ఆధారం లేనివాళ్ళకిచ్చే సొమ్మండి ఇది. మీరు తీసుకోకూడదు కదా" అన్నాడు ఆఫీసరు, మెత్తగానే.

"నాకు బూమి ఉండాదని ఎవురు చెప్పినారు సారూ?"

"నేనే చెప్పినా" అన్నాడు పెద్దనాయన. "దాపరికం ఏముండాది? బాయి కాడి కయ్య, మిట్ట మీది చేను, మా తమ్ముడి బాగం అంతా ఈమె చేతిలోనే ఉండాది. దిక్కులేనిదని చెప్పి సర్కారును మోసం చేస్తా ఉండాది."

అమ్మ ఒక్క క్షణం ఆయన వైపు చూసింది. "ఇంకోసారి చెప్పు బావా. ఆ కడాన నిలబడినోళ్ళకి సరిగ్గా ఇనపళ్ళేదు."

జనం ముందు వెనక్కు తగ్గే మనిషి కాదు పెద్దనాయన. గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. బావి కాడి కయ్య, మిట్ట చేను, రెండూ అలమేలువే అని.

అమ్మ ఆఫీసరు వైపు తిరిగింది. "ఇన్నారు గదా సారూ? ఈ ఊరంతా ఇన్నాది. రాసుకోండి. నా బూమి నాదేనని మా బావ చెప్పినాడని రాసుకోండి. రాసుకుని ఆ పణం నిలిపేయండి. నాకొద్దు."

అప్పుడు గాని పెద్దనాయనకు అర్థం కాలేదు. నాయన పోయినప్పటినుంచి అదే తిన్నె మీద కూర్చుని, తమ్ముడికి భాగమే లేదని చెబుతూ వచ్చింది ఆయనే. "అది అట్ల గాదు సారూ... పంచుకోలేదు... ఉమ్మడిది..." అని నీళ్ళు నమిలాడు.

"ఉమ్మడిదైతే నా చేతిలో ఏం లేదు, అప్పుడు పణం ఇయ్యాల. నాదైతే పణం వొద్దు. రెండిట్లో ఏదో ఒకటి చెప్పు బావా. సారు బస్సుకి పోవాల."

ఎవరో ముసలాయన పకపకా నవ్వాడు. ఆ నవ్వుతో ఇంకొందరు నవ్వారు. వాళ్ళలో పెద్దమ్మ కూడా ఉందని నాకు గుర్తు. గడప లోపల నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆఫీసరు నవ్వలేదు. కాగితాల మీద వంగి రాయడం మొదలుపెట్టాడు. రాసినదాన్ని మా మాటల్లో చదివి వినిపించి, అక్కడున్నవాళ్ళలో చదువు వచ్చినవాళ్ళ చేత సంతకాలు పెట్టించాడు. పెద్దనాయన సంతకం పెట్టకుండా లోపలికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆఫీసరు అమ్మను పక్కకు పిలిచి, "బాగా ఆలోచించుకోండమ్మా. ఇది ఒకసారి పోతే మళ్ళీ రావడం కష్టమండి" అన్నాడు.

"పోనీ సారూ" అంది అమ్మ. "విత్తనాలు ఇంట్లో ఉండాయి."

ఆ నెల నుంచే డబ్బు ఆగిపోయింది. అది మళ్ళీ రాలేదు. భూమి అమ్మ పేరున కావడానికి చాలాకాలం పట్టింది. ఆమె టౌన్‌కు తిరిగిన తిరుగుళ్ళకు లెక్కలేదు. ఒక ఆఫీసులో ఉదయం కూర్చోబెట్టి సాయంత్రం పొమ్మనేవాళ్ళు. ఆ రోజుల్లో ఆమె అవ్వ ఇంట్లోనే దిగేది. మొదట్లో గొణిగిన అవ్వ, తర్వాత తర్వాత పొద్దున్నే పొట్టు పొయ్యి మీద పులుసన్నం వండి ఆకులో కట్టి ఇచ్చేది. ఒకరోజు అమ్మ బయలుదేరుతుంటే అవ్వ అలవాటు ప్రకారం తలుపు వెనక్కు తప్పుకుంది. అమ్మ చెప్పులు తొడుక్కోబోయి ఆగి, "నువ్వు ఎదురొస్తే గాని నేను పోను. రా బయటికి" అని పట్టుపట్టింది. అవ్వ తిట్టింది, పోట్లాడింది, చివరికి వీధిలోకి వచ్చి నిలబడింది. ఆ రోజు అమ్మ పని కాలేదు. మర్నాడూ అవ్వను అలాగే నిలబెట్టింది. పని ఎప్పుడైతే అప్పుడే అవుతుంది గాని, ముఖాలతో దానికి సంబంధం లేదని అవ్వకు తెలియాలని అమ్మ ఉద్దేశం. చివరికి పట్టా ఇచ్చేవాళ్ళు ఆ యానాం ఆఫీసరును పిలిచి అడిగితే, తాను చెవులారా విన్నది విన్నట్టు చెప్పాడట. పట్టా వచ్చింది. మధ్యలో ఒక ఏడు వానలు మొండికేసినప్పుడు మేం గంజి తాగి బతికిన రోజులున్నాయి. అప్పుడు కూడా ఆ డబ్బు వద్దన్నందుకు అమ్మ బాధపడగా నేను చూడలేదు. అది వచ్చినన్నాళ్ళూ ఆమెను నిలబెట్టింది. ఆమె నిలబడ్డాకే అది పోయింది.

ఇప్పుడు సేదరపేట్ దారిలో వెళితే మా ఊరు ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టలేం. సరుగుడు తోపులు పోయి ఫ్యాక్టరీల గోడలు వచ్చాయి, లారీలు ఆగే హోటళ్ళు వచ్చాయి. మా మిట్ట చేను మాత్రం రెండు గోడల మధ్య ఇంకా చేనుగానే ఉంది. కొంటామని ఎందరు వచ్చినా అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మలేదు, నేనూ అమ్మలేదు. ఇప్పుడు పోస్టుమాన్‌తో పని లేదు, డబ్బు బ్యాంకులో పడుతుంది. సౌకర్యమే. కానీ కార్డు కొడుకు జేబులోనో, అల్లుడి జేబులోనో ఉందని చెప్పే ఆడవాళ్ళను నేను చాలామందిని చూశాను. తిన్నె మీద చాచిన పెద్దనాయన చెయ్యి ఇంకా అలాగే ఉంది, తిన్నెలే లేవు. అందుకే అప్పారావుగారి లాంటి పెద్దలు డబ్బు ఇస్తే జనం చెడిపోతారని బెంగపడినప్పుడు, ఆ డబ్బు అసలు ఎవరి చేతిలో పడుతోందో ఒక్కసారైనా అడిగారా అని నాకు అడగాలనిపిస్తుంది. ఆ గట్టు మీద కూర్చున్న మాలో నెలనెలా పెన్షను తీసుకోని మనిషి ఒక్కరూ లేరు. మమ్మల్ని ఎవరూ సోమరులనరు.

పెద్దనాయన పోయింది ఎనభైల్లో. నేను అప్పటికి టౌన్లో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. ఆస్తి కొడుకులు పంచుకున్నారు. ఆ పంపకంలో పెద్దమ్మకు దక్కింది మేం ఒకప్పుడు ఉన్న వెనక గది. కోడళ్ళు కొలిచి పోస్తుంటే తీసుకునేది. ఒకరోజు ఆమె అమ్మ వాకిట్లోకి వచ్చి, గిన్నె కొంగు కింద దాచుకుని, కాస్త నూనె ఉందా అని అడిగింది. అమ్మ నూనె పోయలేదు. "పద అక్కా" అని ఆమెను తీసుకుని టౌన్‌కు వచ్చింది. ఆఫీసులో తనే ముందు నిలబడి, "ఈమె మొగుడు పోయినాడు. ఈమె పేరున పిడికెడు మన్ను లేదు. రాసుకోండి" అంది. కొన్ని నెలలు తిప్పారు. అమ్మ తిరిగింది.

మొదటిసారి డబ్బు చేతికి వచ్చిన రోజు ఇద్దరూ బడి విడిచే వేళకు నా దగ్గరికి వచ్చారు. పెద్దమ్మ ఆ నోట్లను పిడికిట్లో పట్టుకునే నడుస్తోంది. చెమటకు మెత్తబడిపోయాయి. పెద్దంగడి దగ్గరికి వచ్చాక ఆగి, "ఏం చేసేది దీన్ని?" అని అమ్మను అడిగింది.

"నీ ఇష్టం అక్కా."

"నా ఇష్టమంటే ఏంది అలమేలూ?"

ఆమె పరిహాసానికి అనలేదు. నిజంగానే అడిగింది. అమ్మ ఎదురుగా ఉన్న కాఫీ హోటలు మెట్లెక్కింది. ఆ రోజుల్లో మగతోడు లేకుండా ఇద్దరు ముసలి ఆడవాళ్ళు, అందులోనూ బొట్టులేని ముఖాలతో, హోటల్లో కూర్చోవడం ఎవరూ చూసి ఉండరు. గల్లాపెట్టె దగ్గరి మనిషి వెనక గది వైపు చెయ్యి చూపించాడు. అమ్మ ఆ చేతిని చూడనట్టే వచ్చి, వీధి కనిపించే బల్ల దగ్గర కూర్చుంది. పెద్దమ్మ కుర్చీ అంచున ఒదిగి కూర్చుంది. వడ్డించే అతను వచ్చి ఏం కావాలని అడిగితే ఆమె అమ్మ ముఖంలోకి చూసింది. అమ్మ వీధిలోకి చూస్తూ కూర్చుంది. నేను నోరు తెరవబోతే బల్ల కింద నా కాలు తొక్కింది. అతను మళ్ళీ అడిగాడు.

"ఏమేం ఉండాయి?" అంది పెద్దమ్మ, వినీ వినపడనట్టు.

అతను గడగడా చదివాడు. ఆమె మళ్ళీ చెప్పమంది. ఈసారి ఒక్కొక్కటి తలూపుతూ విన్నది. చాలాసేపు ఆలోచించి, కారం దోసె ఒకటి చెప్పింది. "ఆనెక కాఫీ. చక్కెర ఎక్కువ వేసి" అంది. కాఫీ వచ్చాక ఒక గుక్క తాగి, పోతున్న అతన్ని గట్టిగా కేకేసి వెనక్కు పిలిచి, చాల్లేదని ఇంకా చక్కెర తెప్పించుకుంది.